అన్నీ వస్తాయని ఎలా చెప్పగలం?

ఒకటి, రెండు, మూడు అంటూ చిన్నప్పుడు నేర్చుకున్న సహజ సంఖ్యలనే అటూ ఇటూ మార్చి పేర్చితే పుట్టే వరుసల గురించి ఈ ప్రసంగం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మంచిది. లేకపోయినా ఇబ్బంది లేదు, ఇక్కడ చెప్పబోయే లెక్కలన్నీ నోటితో వేసుకోగలిగినవే. పేర్పుల లెక్క మన దేశంలో చాలా పాతది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో అంకపాశం అని ఒక భాగం ఉంది. శివుడికి పది చేతులు. పాశం, అంకుశం, సర్పం, డమరుకం, కపాలం, శూలం ఇలా పది వస్తువులు ఆ చేతుల్లో ఉన్నాయి. ఒక చేతిలోది మరో చేతికి మార్చుకుంటూ పోతే ఎన్ని మూర్తిభేదాలు వస్తాయని అక్కడ ప్రశ్న. ఒకటి నుంచి పది దాకా ఉన్న సంఖ్యలను గుణిస్తే వచ్చే 36,28,800 దానికి జవాబు. శంఖ చక్ర గదా పద్మాలు పట్టిన విష్ణువు నాలుగు చేతులకైతే 24. తరవాత 1356లో నారాయణ పండితుడు గణితకౌముదిలో ఈ పేర్పులన్నిటినీ ఒక్కటీ వదలకుండా వరసగా రాసే పద్ధతి కూడా చెప్పాడు. ఈనాడు ఇంటర్మీడియట్ విద్యార్థులు ప్రస్తారాలు, సంయోగాలు అనే పాఠంలో చదివేది ఈ విద్యనే.

ఈ లెక్కలన్నిటిలో మనకు తెలియకుండానే ఒక ధీమా ఉంటుంది. వస్తువులు పదే కనుక, పేర్చడం పూర్తయ్యాక ఏదైనా మిగిలిందేమో చూసుకోవచ్చు. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతి లేచాక, ఇంకా తినని వాళ్లెవరైనా ఉన్నారా అని ఇంటివాళ్లు ఓసారి కలయజూసినట్టే. కానీ ఆఖరి బంతి అంటూ లేని చోట ఆ ప్రశ్న ఎప్పుడు వేయాలి? సహజ సంఖ్యలకు చివర లేదు. వాటిని కొత్త వరుసలో పేర్చడం ఎన్నటికీ పూర్తికాదు. పూర్తికాని పనిలో అందరూ వచ్చారని తేల్చుకునే వేళ రాదు. అయినా కొన్ని వరుసల్లో ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి వచ్చి తీరుతుందని గణితం రూఢిగా చెబుతుంది. అంత గట్టిగా చెప్పే అధికారం దానికి ఎక్కడినుంచి వచ్చింది? ఎన్ని కోట్ల పదాలు లెక్కవేసినా ఆ అధికారం రాదని, కారణం చూపినప్పుడే వస్తుందని, ఈ వరుసల అసలు విలువ ఆ తేడాను తేటతెల్లం చేయడంలోనే ఉందని ఈ ప్రసంగంలో నా వాదన.

ముందు మాటను సరిచూసుకుందాం. సహజ సంఖ్యల ప్రస్తారం అంటే ప్రతి సహజ సంఖ్యా ఒక్కసారి మాత్రమే వచ్చే వరుస. ఏదీ రెండుసార్లు రాకూడదు, ఏదీ రాకుండా పోకూడదు. 2, 1, 4, 3, 6, 5 అంటూ పక్కపక్క జంటలను తారుమారు చేస్తే అది ప్రస్తారమే. అందులో ఏ సంఖ్య ఎన్నో స్థానంలో ఉందో అడగ్గానే చెప్పొచ్చు. ఇప్పుడు సరిసంఖ్యలన్నీ ముందు రాసి, ఆ తరవాత బేసిసంఖ్యలు రాద్దామనుకోండి. 2, 4, 6, 8 అని మొదలుపెడతాం. అవి ఎప్పటికీ అయిపోవు, కాబట్టి ఒకటికి వంతే రాదు. ఎవరినీ వెలివేయలేదు, బేసిసంఖ్యలు వద్దని ఎవరూ అనలేదు. ఉన్నవాటినే కాస్త వరస మార్చాం, అంతే. దాంతో సగం సంఖ్యలు గల్లంతయ్యాయి. పది వస్తువులతో ఇలాంటిది జరగనే జరగదు, ఏ వరసలో పేర్చినా పదీ ఉంటాయి. అనంతంలో మాత్రం వరుస మార్చడమే కొందరిని పోగొట్టే పని కావచ్చు. అందుకే ఇక్కడ ప్రస్తారం కావడమంటే ప్రతి సంఖ్యకూ ఫలానా స్థానం అని వేలుపెట్టి చూపగల చోటు ఉండడం. ఆ చోటు కోటి అడుగుల తరవాత వచ్చినా సరే, వచ్చి తీరాలి.

ఉన్న సంఖ్యలు అవే అయినప్పుడు ఏ వరుసలో ఉంటే ఏమిటని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కూడికలో వరుస మారినా మొత్తం మారదని బడిలో నేర్చుకున్నాం కదా. అనంతంగా కూడుకుంటూ పోయేటప్పుడు ఆ నమ్మకం చెల్లదు. ఒకటిలోంచి అర తీసెయ్యండి, మూడో వంతు కలపండి, నాలుగో వంతు తీసెయ్యండి, అయిదో వంతు కలపండి, అలా సాగిపోండి. మొత్తం 0.693కు దగ్గరగా ఒక నిర్దిష్టమైన విలువ వైపు పోతుంది. ఇప్పుడు అవే భిన్నాలను, ఒక్కటీ వదలకుండా, మరో వరుసలో తీసుకుందాం: ఒకటి కలిపాక రెండు తీసివేతలు. ఒకటి కలిపి, అర తీసి, నాలుగో వంతు తీయాలి. తరవాత మూడో వంతు కలిపి, ఆరో వంతు తీసి, ఎనిమిదో వంతు తీయాలి. ఒకటిలోంచి అర పోతే అర. మూడో వంతులోంచి ఆరో వంతు పోతే ఆరో వంతు. అంటే మిగిలింది అర, మైనస్ నాలుగో వంతు, ప్లస్ ఆరో వంతు, మైనస్ ఎనిమిదో వంతు. ఇది మొదటి వరుసలోని ప్రతి భిన్నాన్నీ సగం చేసినదే. కనుక మొత్తం కూడా సగమైంది, 0.693 కాస్తా 0.347 దగ్గరికి దిగింది. భిన్నాలు అవే, గుర్తులు అవే, మారింది వరుస ఒక్కటే. ఇలాంటి శ్రేణుల్లో పేర్పు మార్చి మనం కోరిన ఏ మొత్తాన్నయినా రాబట్టవచ్చని జర్మన్ గణితవేత్త రీమాన్ 1854లో నిరూపించాడు. అనంతంలో వరుస ఎంత బరువైనదో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక ఒక వరుసను దగ్గరగా చూద్దాం. 2001లో జొనాథన్ ఎయర్స్ అనే ఆయన రూపొందించిన వరుస ఇది. నియమం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, రెండు రాసి మొదలుపెట్టాలి. తరవాత ప్రతిసారీ, అప్పుడే రాసిన సంఖ్యతో ఒకటి కాని ఉమ్మడి కారణాంకం ఉన్నవాటిలో, ఇంతవరకు రాయని అతి చిన్న సంఖ్యను రాయాలి. రెండు తరవాత, దానితో ఉమ్మడి కారణాంకం ఉండి ఇంకా రానిది నాలుగు. నాలుగు తరవాత ఆరు. ఆరుకు కారణాంకాలు రెండూ, మూడూ కనుక ఇంకా రాని మూడు ఇప్పుడు వస్తుంది. మూడు తరవాత, ఆరు అయిపోయింది కాబట్టి తొమ్మిది. ఆపైన 12, 8, 10, 5, 15, 18, 14, 7, 21, 24, 16, 20, 22, 11, 33. ఈ పదాలను గ్రాఫు కాగితం మీద గుర్తిస్తూ గీత కలిపితే గీత ఒక్కసారిగా కిందికి పడి, వెంటనే పైకి ఎగసి, మళ్లీ మామూలుగా నడుస్తుంది. గుండె కొట్టుకోవడాన్ని చూపే ఈసీజీ గీతలా ఉందని ఆ పేరే దీనికి స్థిరపడింది. పడ్డ చోటల్లా ప్రధాన సంఖ్యలున్నాయి చూడండి: పదికీ పదిహేనుకూ మధ్య అయిదు, పద్నాలుగుకూ ఇరవై ఒకటికీ మధ్య ఏడు, ఇరవై రెండుకూ ముప్పై మూడుకూ మధ్య పదకొండు. ప్రధాన సంఖ్యకు ముందు దాని రెండింతలు, వెనక దాని మూడింతలు.

ఈ వరుసలో ఏదీ రెండోసారి రాదు, నియమమే రానివ్వదు. మరి అన్నీ వస్తాయా? నియమం చిన్న సంఖ్యనే ఎంచుకుంటుంది కనుక వస్తాయిలే అని తోస్తుంది. కానీ తోచడం వేరు, తేలడం వేరు. ఉమ్మడి కారణాంకం ఉండాలన్న షరతు వల్ల ఏదో ఒక సంఖ్య ప్రతిసారీ అర్హత లేక పక్కన ఉండిపోతే ఏం చేయాలి? 2002లో లగారియస్, రెయిన్స్, స్లోన్ అనే ముగ్గురు గణితవేత్తలు దీన్ని పరిశీలించి, అన్నీ వస్తాయని నిరూపించారు. వారి వాదనలో అలజడి పెట్టే సూత్రాలేమీ లేవు, కాబట్టి మొత్తం వినిపించవచ్చు. మొదటి మెట్టు ఇది. వంద అనుకోండి, ఏ సంఖ్యనైనా తీసుకోండి. దానికి మించని సంఖ్యలు వందే. ఏదీ రెండుసార్లు రాదు. కాబట్టి వరుసలో ఒక చోటు దాటాక వచ్చేవన్నీ వందకు పైబడినవే అయి ఉండాలి. రెండో మెట్టు. వరుసలో సరిసంఖ్యలు ఎడతెగకుండా వస్తూ ఉంటాయని కాసేపు ఒప్పుకుందాం. అప్పుడు ఏ సరిసంఖ్యా తప్పిపోలేదు. వంద ఎన్నటికీ రాలేదనుకోండి. ఆ చోటు దాటాక ఒక సరిసంఖ్య తప్పక వస్తుంది. దాని తరవాతి పదం ఏది కావాలి? వందకు దానితో ఉమ్మడి కారణాంకం రెండు ఉండనే ఉంది, ఇంతవరకు రాలేదు కూడా. ఇక రాబోయేవన్నీ వంద కన్నా పెద్దవి. అతి చిన్నదాన్ని ఎంచమన్న నియమం వందను వదిలి పెద్దదాన్ని ఎంచలేదు. కాబట్టి వంద రాలేదన్న మాటే తప్పు.

సరిసంఖ్యలన్నీ వస్తే బేసివి కూడా వస్తాయని ఇదే తర్కం చూపిస్తుంది. ముప్పై అయిదు రాలేదనుకుందాం. 70, 140, 210 లాంటి దాని సరి గుణిజాలన్నీ సరిసంఖ్యలే కనుక అవన్నీ వస్తాయి, అనంతంగా వస్తాయి. ముప్పై అయిదుకు మించని సంఖ్యలన్నీ ఆగిపోయిన చోటు దాటాక వీటిలో ఒకటి రాక తప్పదు. వచ్చిందా, దాని పక్కనే నిలవాల్సింది ముప్పై అయిదే. ఇక మిగిలింది మూడో మెట్టు: సరిసంఖ్యలు ఎడతెగకుండా వస్తాయని ఎందుకు ఒప్పుకోవాలి? వరుసలోకి కొత్తగా ఒక ప్రధాన సంఖ్య, ఉదాహరణకు పదమూడు, తొలిసారి కారణాంకంగా ప్రవేశించే క్షణం చూడండి. దాని ముందు పదంలో పదమూడు లేదు, కాబట్టి ఆ రెంటినీ కలిపింది వేరే ప్రధాన సంఖ్య. ఆ కలిపినదానికి పదమూడింతలు అతి చిన్నది కనుక అదే వస్తుంది. మరుసటి పదం పదమూడే అవుతుంది, ఎందుకంటే అంతకన్నా చిన్న అభ్యర్థి ఉంటే కిందటిసారే ఎంపికయ్యేది. కలిపినది రెండైతే ఇరవై ఆరు అప్పటికే వచ్చేసినట్టు. రెండు కాకపోతే, పదమూడు తరవాత దాని గుణిజాల్లో ఇంకా రాని అతి చిన్నది ఇరవై ఆరే కనుక అదే వస్తుంది. ఎటు చూసినా కొత్త ప్రధాన సంఖ్య వస్తే తన రెండింతలను వెంటబెట్టుకునే వస్తుంది. కొత్త ప్రధాన సంఖ్యలు ఎప్పటికీ వస్తూనే ఉంటే సరిసంఖ్యలూ వస్తూనే ఉంటాయి. కొత్తవి రావడం ఎక్కడో ఆగిపోయిందంటారా, అప్పుడు ఉన్న కొద్ది ప్రధాన సంఖ్యలే వరుసనంతా మోయాలి. వాటిలో ఒకదాని గుణిజాలైనా అనంతంగా రావాలి. రెండు గురించి చెప్పుకున్న వాదన ఆ ప్రధాన సంఖ్యకూ అచ్చంగా వర్తిస్తుంది. దారి ఏదైనా ముగింపు ఒక్కటే, ఏ సంఖ్యా తప్పిపోదు.

ఈ వాదనలో ఒక్క పెద్ద లెక్క కూడా లేదన్నది గమనించండి. వరుసలో వెయ్యో పదమేదో మనకు తెలియకపోయినా, ఎంచుకున్న ఏ సంఖ్యా మిగిలిపోదని తెలిసింది. ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. ఇంత తర్కం దేనికి, కంప్యూటర్లు కోట్ల పదాలు క్షణాల్లో వేసి చూపిస్తాయి, అంతదాకా తప్పనిది ఆ తరవాత మాత్రం ఎందుకు తప్పుతుందని. కంప్యూటర్ సాయాన్ని ఎవరూ కాదనడం లేదు. ఆ ముగ్గురు గణితవేత్తలు కూడా కోటి పదాల దాకా లెక్కవేయించారు. బేసి ప్రధాన సంఖ్యకు ముందు దాని రెండింతలే ఉండడం అంతవరకూ తప్పలేదు. అయినా వారు దాన్ని సిద్ధాంతమని రాయలేదు, ఊహగానే రాశారు. 2008లో హోఫ్మన్, పిలిప్చుక్ అనే ఇద్దరు నిరూపించాకే అది సిద్ధాంతమైంది. ప్రధాన సంఖ్యలనూ వాటి మూడింతలనూ మినహాయిస్తే, ఈ వరుసలో ఒక స్థానంలో ఉన్న సంఖ్య దాదాపు ఆ స్థానం విలువకే చేరువవుతుందని, ప్రధాన సంఖ్యలు మాత్రం స్థానంలో సగానికి, వాటి మూడింతలు ఒకటిన్నర రెట్లకు చేరువవుతాయని కూడా వారే తేల్చారు. కోటి పదాలు ఆ ఊహను పుట్టించాయి, దాన్ని నిలబెట్టింది మాత్రం వాదన.

కోటి పదాల సాక్ష్యం చాలదనడం చాదస్తం కాదని మరో వరుస చూపిస్తుంది. కొలంబియాకు చెందిన బెర్నార్డో రెకమాన్ పేరుమీద చెలామణీ అయ్యే వరుస అది. సున్నాతో మొదలుపెట్టి మొదటి అడుగులో ఒకటి, రెండో అడుగులో రెండు, మూడో అడుగులో మూడు, ఇలా ఎన్నో అడుగైతే అంత తీసివేయాలి. తీసివేస్తే సున్నా కన్నా పెద్దదైన, ఇంతకు ముందు రాని సంఖ్య రావాలి. రాకపోతే అంతే కలపాలి. 0, 1, 3, 6, 2, 7, 13, 20, 12, 21, ఇలా నడుస్తుంది. ఇది ప్రస్తారం కాదు, ఎందుకంటే 42 లాంటివి రెండుసార్లు వస్తాయి. కానీ అన్ని సంఖ్యలూ ఎప్పుడో ఒకప్పుడు వస్తాయా అన్న మన ప్రశ్న ఇక్కడా ఉంది. నాలుగు కోసం 131 అడుగులు ఆగాలి. పంతొమ్మిది కోసమైతే 99,734 అడుగులు. తొంభై వేల అడుగుల దాకా చూసినవాడు పంతొమ్మిది ఇక రాదని ఒట్టేసి చెప్పగలడు, చెబితే తప్పవుతుంది. ఒక్కసారిగా అనేక అడుగులు దాటించే ఉపాయంతో ఈ వరుసను ఒకటి పక్కన 230 సున్నాలున్నంత దూరం నడిపి చూశారు. అంత దూరంలోనూ 8,52,655 రాలేదు. అది వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. ఇంత పెద్ద లెక్క కూడా ఎటూ తేల్చలేకపోయింది, ఎందుకంటే ప్రశ్న ముందున్న అనంతం గురించి. మరో సంగతి: సంఖ్యల ప్రధాన కారణాంకాల గురించి గణితవేత్త పోల్యా 1919లో చేసిన ఒక ఊహ తప్పని 1958లో తేలింది. అది మొదటిసారి తప్పే చోటు 90,61,50,257 అని 1980లో కనుక్కున్నారు. తొంభై కోట్ల దాకా వమ్ముకాని మాట, ఆ తరవాత వమ్మయింది.

ఇంకో ఆక్షేపణ ఈ నియమాలన్నీ ఎవరికి తోచినట్టు వారు కట్టినవి కదా అన్నది. నిజమే, ఎవరైనా కట్టవచ్చు. ఈసీజీ వరుసపై పనిచేసిన ముగ్గురిలో ఒకరైన నీల్ స్లోన్ 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా పూర్ణసంఖ్యల వరుసలను పోగు చేయడం మొదలుపెట్టాడు. 1973లో 2,372 వరుసలతో పుస్తకం వేశాడు. 1996 నుంచి ఇంటర్నెట్‌లో ఉన్న ఆ సేకరణలో ఈనాడు మూడున్నర లక్షలకు పైగా వరుసలున్నాయి. అన్నీ సమానమైనవేమీ కావు. నియమం ఎవరో ఒకరి ఇష్టం కావచ్చు, కానీ నియమం నుంచి వచ్చే ఫలితం ఎవరి ఇష్టమూ కాదు. ఈసీజీ నియమంలో ప్రధాన సంఖ్య అన్న మాటే లేదు. అయినా ప్రధాన సంఖ్యలు తమంతట తామే సగం ఎత్తున వేరే గీతగా బయటపడ్డాయి. సంఖ్యలకు రెండు రకాల చుట్టరికాలున్నాయి. పరిమాణంలో ఒకదాని తరవాత ఒకటి నిలవడం ఒకటి, కారణాంకాలు పంచుకోవడం రెండోది. ఈ రెంటికీ పొత్తు ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు అన్నది సంఖ్యాశాస్త్రంలో అతి లోతైన ప్రశ్నల్లో ఒకటి. ఒక్కో నియమం ఆ రెంటినీ ఒక్కో తీరుగా ఎదురెదురు నిలబెడుతుంది. నియమం మార్చినా పనికొచ్చే వాదన దొరికితే అది సంఖ్యల స్వభావం గురించే ఏదో చెబుతున్నట్టు. కిందటి సంఖ్యతో ఉమ్మడి కారణాంకం ఉండకూడదు, దాని ముందుదానితో ఉండాలి అని నియమాన్ని తిరగేసిన యెల్లోస్టోన్ అనే వరుస కూడా ఉంది. 1, 2, 3, 4, 9, 8, 15, 14, 5, 6, 25 అంటూ ఎగుడుదిగుడుగా సాగే అది కూడా ప్రస్తారమేనని 2015లో నిరూపించారు.

ఇప్పుడు ఈసీజీ వరుసకు పూర్తిగా ఎదురైన ఉదాహరణ. జర్మన్ గణితవేత్త లోథార్ కొలాట్జ్ 1932 జులై 1వ తేదీన తన నోటుపుస్తకంలో ఒక ప్రస్తారం రాసుకున్నాడు. సంఖ్య మూడుతో భాగం పోతే దాన్ని మూడింట రెండు వంతులు చేయాలి. పోకపోతే నాలుగు రెట్లు చేసి, మూడుతో భాగం పోయేలా ఒకటి కలిపో తీసో, మూడుతో భాగించాలి. ఇది ప్రస్తారమని చూపడం సులువు. వెనక్కి నడిచే నియమం కూడా అంతే స్పష్టంగా ఉంది. సరిసంఖ్య అయితే ఒకటిన్నర రెట్లు చేయాలి, బేసి అయితే మూడు రెట్లకు ఒకటి కలిపో తీసో నాలుగుతో భాగించాలి. కాబట్టి ఏ సంఖ్యకూ రెండు దారులు లేవు, ఏ సంఖ్యా మిగిలిపోదు. ఈసీజీ వరుసలో చెమటోడ్చి తేల్చుకున్న సంగతి ఇక్కడ మొదటి నిమిషంలోనే తేలిపోయింది. ఇప్పుడు ఇదే నియమాన్ని ఒక సంఖ్య మీద మళ్లీ మళ్లీ నడిపించండి. ఒకటి ఒకటిగానే ఉంటుంది. రెండు మూడవుతుంది, మూడు రెండవుతుంది. నాలుగు నుంచి 5, 7, 9, 6 మీదుగా మళ్లీ నాలుగు. 44 నుంచి బయలుదేరితే 59, 79, 105, 70, 93, 62, 83, 111, 74, 99, 66, పన్నెండో అడుగున తిరిగి 44. ఆ పన్నెండులో ఏడు పైకి, అయిదు కిందికి. హార్మోనియంలో ఒక స్థాయికి ఏడు తెల్ల మెట్లు, అయిదు నల్ల మెట్లు ఉంటాయి, అవీ ఇక్కడి ఏడూ అయిదూ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఒక చక్రం మూసుకోవాలంటే రెండు ఘాతం ఒకటి, మూడు ఘాతం ఒకటి దాదాపు కలవాలి. రెండును పంతొమ్మిదిసార్లు గుణిస్తే 5,24,288. మూడును పన్నెండుసార్లు గుణిస్తే 5,31,441. ఈ దగ్గరితనం వల్లే షడ్జమ పంచమాల మెట్లతో ఎక్కితే పన్నెండు స్వరస్థానాలకు చుట్టు దాదాపు పూర్తవుతుంది. ఆంగ్ల గణితవేత్త జాన్ కాన్వే ఈ బంధుత్వాన్ని గుర్తించి, ఈ ప్రస్తారానికి సంగీతాన్ని తలపించే పేరు పెట్టాడు.

అంతా బాగానే ఉంది, ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. 8, 11, 15, 10, 13, 17, 23, 31, 41, 55, 73, 97, 129, 86 అంటూ పెరుగుతూ తగ్గుతూ వెళుతుంది. మళ్లీ ఎనిమిదికి వస్తుందా అన్నది కొలాట్జ్ ప్రశ్న. తొంభై ఏళ్లు దాటినా జవాబు లేదు. రాదని నమ్మడానికి సూచన మాత్రం ఉంది. ముందుకు నడిస్తే సగటున మూడు అడుగుల్లో ఒకసారి మూడింట రెండు వంతులు, రెండుసార్లు మూడింట నాలుగు వంతులు. గుణిస్తే 27కు 32, అంటే పెరుగుదలే. వెనక్కి నడిస్తే రెండు అడుగుల్లో ఒకసారి ఒకటిన్నర, ఒకసారి ముప్పావు. గుణిస్తే ఎనిమిదికి తొమ్మిది, ఇదీ పెరుగుదలే. రెండు దిక్కులా పెరిగే దారి చక్రంగా ముడిపడదని అనిపిస్తుంది. కానీ సగటు లెక్క సమూహం గురించి మాట్లాడుతుంది, ఎనిమిది ఒక్కదాని గురించి కాదు. సగటున పెరిగే ఇదే నియమంలో 44 చక్కగా ఇంటికి చేరింది కదా.

అయితే తర్కం కూడా ఇక్కడ చేతులెత్తేసినట్టే కదా, లెక్క చాలదన్నవారు కారణమూ చూపలేకపోయారు కదా అని అడిగేవారుంటారు. ఈ ఆక్షేపణకు తప్పించుకునే జవాబు ఇవ్వకూడదు. అవును, కారణం అన్ని వేళలా దొరకదు. 1972లో కాన్వే ఇంకా ముందుకు వెళ్లి, ఈ తరహా నియమాలన్నిటికీ వర్తించేలా, ఏ సంఖ్య ఎక్కడికి చేరుతుందో తేల్చే ఒకే ఒక్క పద్ధతి ఎన్నటికీ ఉండదని నిరూపించాడు. ఎనిమిది తిరిగి రాదన్న మాట బహుశా నిజమై ఉండి కూడా నిరూపణకు అందనిది కావచ్చని 2013లో రాశాడు. కానీ గమనించండి, పద్ధతి ఉండదన్న మాట కూడా నిరూపణే. పద్ధతుల కోసం వెతికి వెతికి అలసిపోయి అన్న మాట కాదు. తన హద్దు ఎక్కడుందో తర్కం తానే గీసి చూపగలిగింది. లెక్కకు ఆ శక్తి లేదు. ఒకటి పక్కన 230 సున్నాల దూరం నడిచిన లెక్క, ఇంకొంచెం నడిస్తే ఏమవుతుందో చెప్పలేదు, తాను ఎప్పటికి చెప్పగలదో కూడా చెప్పలేదు.

ఈ వరుసలు వంతెనలు కడతాయనో రోగాలు నయం చేస్తాయనో నేను చెప్పడం లేదు. అవి చేసే పని మరొకటుంది, అది చిన్నది కాదు. అన్నీ, ఎప్పుడూ, ఏదీ అన్న మాటలను మనం ఎంత తేలిగ్గా వాడతామో, వాటికి ఎంత బరువైన పూచీ కావాలో ఇవి నేర్పుతాయి. ఆ పూచీ ఎలా ఉంటుందో ఈసీజీ వరుస చూపింది. ఆ పూచీ లేనిచోట ఎంత పెద్ద సాక్ష్యమైనా సాక్ష్యంగానే ఉండిపోతుందని రెకమాన్ వరుస చూపింది. ఒక్కొక్క అడుగూ పూర్తిగా తెలిసినా ప్రయాణం తెలియకపోవచ్చని కొలాట్జ్ ప్రస్తారం చూపింది. బడిలో ఈ పాఠం చెప్పడానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు, కారణాంకాలు తెలిసిన ఎనిమిదో తరగతి పిల్లలు చాలు. నల్లబల్ల మీద ఈసీజీ వరుసను ముప్పై పదాల దాకా వారిచేతే రాయించండి. తరవాత, ఇందులో రాని సంఖ్య ఉంటుందా అని అడగండి. ఉండదని చాలామంది అంటారు. ఎందుకుండదు అని రెండో ప్రశ్న వేయండి, జవాబు మీరు చెప్పకండి. గణితం నిజంగా మొదలయ్యేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.